సాకవ్వా సాకు

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు, నేను చేటలో కందిపప్పు చెరుగుతుంటే పక్కన చేరి, చెప్పాపెట్టకుండా నా చెవుల్లో రెండు గుండీల్లాంటివి దూర్చింది. లోపల ఎవరో పాడుతున్నారు. నలుగురు పిల్లలట. సినిమాలకు పాడరట, ఏ కంపెనీ గడపా తొక్కరట, వాళ్ల పాటలు వాళ్లే కట్టుకుని ఎవరింటి మేడ మీదో కూర్చుని పాడుకుంటారట. "ఇంకా ఎవరికీ తెలీదు అవ్వా వీళ్లు. మా క్లాసులో నేనే అందరికీ చెప్తాండా" అంది. పాట నాకు సగం కూడా అంతుబట్టలేదు, అది ఏ భాషో కూడా తేల్చుకోలేకపోయాను. కానీ ఆ పిల్ల ముఖంలోని గర్వాన్ని మాత్రం చూడగానే పోల్చుకున్నాను. ఎవరికీ తెలియని మంచిదాన్ని తనే ముందు కనిపెట్టానన్న గర్వం అది. దాన్ని పదిమందికి వినిపించేదాకా తిన్నది అరగనివ్వని రోగం కూడా. ఆ రోగం మా ఇంట్లో నాతోనే మొదలైంది. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి సగంలో ఆపేశాను. ఎందుకంటే అసలు ఏం జరిగిందో నాకే ఇప్పటిదాకా తెలియదు. రాస్తే తెలుస్తుందేమోనని కూర్చున్నాను.

నేను పుట్టింది పెద్దకడుబూరు దగ్గరి పల్లెలో. అప్పటికే ఇంట్లో ఆడపిల్లలు వరసగా ఉన్నారు. మాకు వాన ఆధారం, వానకు మా ఊసే పట్టదు. ఆదోనిలో బడిపంతులుగా ఉన్న మా పెదనాన్నకు పిల్లల్లేరు. నాకు నడక వచ్చిన కొన్నాళ్లకు ఆయన నన్ను భుజాన వేసుకుని ఆదోని బస్సెక్కాడట. నన్ను ఇచ్చేశారా, పంపించారా, కొన్నాళ్లు ఉండి రమ్మన్నారా అన్నది మాత్రం ఏ పెద్దమనిషీ తేల్చి చెప్పలేదు. అమ్మానాన్నలు సంతకు వచ్చినప్పుడల్లా వచ్చి చూసేవాళ్లు, వేరుశనక్కాయలు ఒళ్లో పోసి పోయేవాళ్లు. వీధిలో నన్ను సాకుడు బిడ్డ అనేవాళ్లు. మావైపు సాకడమంటే పెంచడం. మేకను సాకుతారు, కోడిని సాకుతారు, కనకపోయినా బిడ్డను సాకుతారు. ఆ మాటలో తిట్టేమీ లేదు, పొగడ్తా లేదు. అయినా ఎవరైనా కొత్తవాళ్లు "ఈ పాప మీ కూతురేనా?" అని అడిగితే పెదనాన్న గొంతు సవరించుకునేవాడు, పెద్దమ్మ లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి వెళ్లిపోయేది. నేను ఆమెను పెద్దమ్మా అనే పిలిచేదాన్ని. అమ్మా అని పిలవమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

పెద్దమ్మ పేరు హంపమ్మ. సిరుగుప్ప అవతల పల్లె, కన్నడం మాట్లాడే ఇంటి పిల్ల. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమె తెలుగు విని మా జేజి, అంటే పెదనాన్న తల్లి, ఆడబిడ్డలు పొట్ట పట్టుకుని నవ్వారట. అంతటితో ఆమె పంతం పట్టి ఇంట్లో కన్నడం మాట్లాడటం మానేసింది. మనుషులతో తెలుగు, ఎనుముతో కన్నడం. పాలు పితికేటప్పుడు దాని చెవి దగ్గర ఏదో గొణిగేది. అది తన్నితే తిట్టేది. ఆ తిట్లు విని ఎనుముకు ఏమర్థమయ్యేదో గాని, నాకు మాత్రం వాటిల్లో ఉన్నంత చనువు మాతో ఆమె మాట్లాడే తెలుగులో కనిపించేది కాదు. ఏడాదికోసారి ఆమె తమ్ముడు వచ్చేవాడు. అక్కాతమ్ముళ్లు బయటి కట్ట మీద కూర్చుని గలగలా మాట్లాడుకుంటుంటే ఆమె వేరే మనిషేమో అనిపించేది. నేను దగ్గరికి పోతే ఇద్దరూ తెలుగులోకి వచ్చేసేవాళ్లు. అందుకే ఆ ఇంట్లో అంతకాలం పెరిగినా నాకు కన్నడం అబ్బలేదు. నాలుగు తిండి మాటలు, రెండు తిట్లు, అంతే.

ఆ ఇల్లు తలుచుకుంటే ముందు ముక్కుకే గుర్తొస్తుంది. పత్తి సీజనులో జిన్నింగు మిల్లుల నుంచి దూది ఎగిరొచ్చి తులసి మొక్క మీద, ఆరేసిన చీరల మీద, పెదనాన్న కళ్లజోడు మీద వాలేది. గాలి అటు తిరిగితే నూనె మిల్లు వాసన, వేయించిన శనగకాయల కమ్మదనం. పెదనాన్న నశ్యం డబ్బీ ఉన్నచోటల్లా తుమ్ములు. పెద్దమ్మ చేతులకు ఎప్పుడూ వెల్లుల్లి కారం వాసనే. తెల్లవారకముందే జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. ఆమె ముద్దులాడే మనిషి కాదు. తల దువ్వితే కళ్లలో నీళ్లు తిరిగేట్టు దువ్వేది, కదిలితే దువ్వెనతోనే ఒకటి మొట్టేది. బడి నుంచి నేను ఆలస్యంగా వస్తే ఏమీ అనేది కాదు, వీధి మలుపు దాకా వచ్చి అప్పుడే పని పడినట్టు నిలబడేది. ప్రేమో, బాధ్యతో తెలుసుకోవడం నాకు చేతకాలేదు.

ఇక నా రోగం సంగతి. ఆ రోజుల్లో ఆదోనిలో పెళ్లంటే ఎర్రకోట్ల బ్యాండు. భుజాల మీద పసుపు కుచ్చులు, నెత్తిన టోపీలు, పెద్ద పెద్ద ఇత్తడి బాకాలు. వాళ్లు రేడియోలో వచ్చే పాటలే వాయించేవాళ్లు, జనం ఈలలు వేసేవాళ్లు. నాకెందుకో నచ్చేది కాదు. అదే పాట ఇంట్లో రేడియోలో వస్తుంటే మళ్లీ వీళ్లెందుకని వాదించేదాన్ని. నాకు చిన్న మేళాలు కావాలి. మంత్రాలయానికి కాలినడకన పోతూ మా వీధి సత్రంలో దిగే భజన వాళ్లు, ఆయుధపూజకు మిల్లుల్లో పాడటానికి వచ్చే పల్లెల వాళ్లు, ఉరుసుకు డప్పులు పట్టుకుని వచ్చే ఫకీర్లు. దుప్పట్లో చుట్టిన హార్మోనియం కనిపిస్తే చాలు, నా కాళ్లు అటే పోయేవి. గోడవతల నిలబడి వినేదాన్ని, ఊరడిగేదాన్ని, ఎట్లా పిలిపించాలో కనుక్కునేదాన్ని. ఆ తర్వాత ఏ ఇంట్లో శుభకార్యమున్నా వెళ్లి, ఆ ఎర్రకోట్లు వద్దు, మావాళ్లను పెట్టుకోండి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని. మావాళ్లు అనేదాన్నే గాని వాళ్లలో ఒక్కరికీ నా పేరు తెలియదు. పెదనాన్న నాకు మేళాల బ్రోకరమ్మ అని పేరు పెట్టాడు.

నా మాట విన్నవాళ్లు బాగుపడ్డారని చెప్పలేను. పక్కింటి రంగమ్మత్త మనవడి తొట్లె పండుగకు పత్తికొండ వైపు మేళాన్ని ఒకదాన్ని పట్టుకొచ్చాను. గొంతులు బంగారం. కానీ వాళ్లకు వచ్చినవన్నీ తత్వాలే. పసిబిడ్డను తొట్లెలో వేసి, పేరంటాళ్లు శనగలు తింటుంటే, ఈ దేహం నిలిచేది కాదు, నలుగురు మోసుకుపోయేదే అని హాయిగా ఎత్తుకున్నారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు, బిడ్డ తల్లి లోపలికి పోయి తలుపేసుకుంది. రంగమ్మత్త మా గడప దగ్గరికొచ్చి, "ఏం పాపా, తొట్లె కట్టిన పూటనే పాడె కట్టిచ్చినావు" అని నిష్ఠూరమాడి పోయింది. పెదనాన్న కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు. పెద్దమ్మ మాత్రం వంటింట్లో రోలు ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత నన్ను చూసి, వాళ్లు పాడినదాంట్లో అబద్ధమేముంది, నాకైతే బాగుంది అంది. నేను తెచ్చిన మేళాన్ని ఆమె ఒక్కసారీ బాగాలేదనలేదు. ఆమెకు నిజంగా నచ్చేవో, నన్ను చూసి అనేదో అదీ తెలియదు.

నాకు పెళ్లి కుదిరింది. ఎమ్మిగనూరు సంబంధం, మగ్గాలకు నూలు అమ్మే కొట్టు. పెళ్లి చీరలు అక్కడే నేతగాళ్ల ఇళ్లలో చూసి తీసుకుందామని నేనూ పెద్దమ్మా బస్సులో పోయాం. ఎమ్మిగనూరులో ఏ సందులోకి పోయినా టకటకమని మగ్గాల చప్పుడే, గంజి వాసనే. పెద్దమ్మ ఒక ఇంట్లో కూర్చుని అంచు బాగుంటే ఒళ్లు బాగాలేదని, ఒళ్లు బాగుంటే అంచు బాగాలేదని చీర వెనక చీర విప్పిస్తోంది. అప్పుడు సందు చివర నుంచి హార్మోనియం వినిపించింది. నేను చీరలు వదిలేసి అటు పోయాను. ఎవరో కొత్త మగ్గం పెట్టుకుని పూజ చేసుకుంటున్నారు. కట్ట మీద నలుగురు మనుషులు, ఒక హార్మోనియం, ఒక డోలక్, రెండు జతల తాళాలు. పాడేది నడివయసు మనిషి, సన్నగా, పళ్లు కొద్దిగా ఎత్తుగా, గొంతు బొంగురు. పేరు ఈరమ్మ. ఆ గొంతు మొదట నచ్చదు. మూడో మాటకు మనం కదల్లేము.

పాట సగం తెలుగు, సగం కన్నడం, మధ్యమధ్య రెండూ కానిది. వాళ్లు వచ్చిన హాలహర్వి వైపు ఊళ్లలో మాట్లాడేదే అట్లా. ఆకలంటే పాలిచ్చినావని, ఎండంటే కొంగు కప్పినావని నాకు తెలిసిన ముక్కలు వస్తున్నాయి. తెలియనివి కన్నడంలో ఉరికిపోతున్నాయి. ప్రతి చరణం తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చి ఆగుతోంది. "సాకవ్వా సాకు, సాకవ్వా సాకు." ఏ అమ్మవారినో పట్టుకుని, నన్ను పెంచు తల్లీ, నన్ను సాకు తల్లీ అని ఒక బిడ్డ బతిమాలుకుంటున్నట్టు నాకు వినిపించింది. నా ఒళ్లు జల్లుమంది. సాకుడు బిడ్డకు కూడా లోకంలో ఒక పాట ఉందా అనుకున్నాను. పాట అయ్యాక ఈరమ్మ దగ్గరికి వెళ్లి ఇది ఎవరు కట్టిన పాటని అడిగాను. తెలియదంది. "మా అత్త పాడేది పాపా. మాకు వచ్చినట్ల పాడతాండాము." ఆ మేళానికి పేరు కూడా లేదు. కావాలంటే హాలహర్వి బస్సు ఆగేచోట టీకొట్లో చెబితే తమకు అందుతుందని చెప్పింది. పెద్దమ్మ సంచి పట్టుకుని వచ్చేసరికి వాళ్లు మరమరాలు తింటున్నారు. ఎందుకే ముఖం అట్లా పెట్టినావని అడిగింది. ఎండ అన్నాను.

పెళ్లి దగ్గర పడ్డాక ఇంట్లో ఒక సమస్య లేచింది. పీటల మీద కూర్చుని నన్ను ధారపోసేది ఎవరు? పెంచిన పెదనాన్న, పెద్దమ్మలా, కన్న అమ్మానాన్నలా? బంధువులంతా కట్ట మీద కూర్చుని నాలుగు పూటలు మాట్లాడారు. పెదనాన్న నశ్యం పీలుస్తున్నాడు. మా నాన్న తల దించుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. చివరికి పెద్ద తలకాయ ఒకాయన, కన్నోళ్లు బతికుండగా సాకినోళ్లు కూర్చునేది ఎక్కడైనా ఉందా అని తీర్పు చెప్పేశాడు. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె మంచినీళ్ల చెంబు కింద పెట్టి, "కూసోనీలేప్పా. వాళ్ల బిడ్డే గదా" అంది. నేను లోపలి గదిలో తలుపు వెనక ఉన్నాను. ఆ మాట ఆమె అంత మామూలుగా అంది గనకే నాకు ఏడుపొచ్చింది. పెళ్లికూతురి ఒళ్లో పోసే ఒడిబియ్యం మాత్రం మొదట హంపమ్మే పోయాలని, అది ఆమె గౌరవమని పెద్దలు సర్దిచెప్పారు. నేను ఆ ఇల్లు దాటేలోగా ఆమెకు ఒక మాట చెప్పాలి. నేను నీ బిడ్డనే అని చెప్పాలి. మా ఇంట్లో అట్లాంటి మాటలు నోటితో చెప్పుకునే అలవాటు ఎవరికీ లేదు. చెప్పబోతే నాకే నవ్వొచ్చేది. అందుకని పాట చేత చెప్పిద్దామనుకున్నాను.

పెళ్లికూతురు మేళం గురించి మాట్లాడటం ఆ రోజుల్లో సిగ్గుమాలిన పని. ఊరేగింపుకు ఎర్రకోట్లను అప్పటికే మాట్లాడేశారు. నేను పెదనాన్న దగ్గర చేరి, ఒడిబియ్యం పూట హాలహర్వి వాళ్లు పాడాలని గొణిగాను. ఈ పిల్లకు పెళ్లిలో కూడా బ్రోకరు పనేనా అని ఆయన నవ్వాడు. దాని మాట తీసేయకండని పెద్దమ్మ నా పక్షం మాట్లాడింది. హాలహర్వి బస్సు కండక్టరు చేత టీకొట్టుకు కబురు పంపాం. పెళ్లి రోజు పొద్దున్నే హార్మోనియం దుప్పట్లో చుట్టుకుని నలుగురూ దిగారు. ఎర్రకోట్ల వాళ్లు వీళ్లను పైనుంచి కిందికి చూసి, బాకాలు తుడుచుకున్నారు. నేను ఈరమ్మను లోపలికి పిలిపించి, మా పెద్దమ్మ నా ఒళ్లో బియ్యం పోసేటప్పుడు ఆ పాటే ఎత్తుకోవాలని చెప్పాను. ఆమె నా ముఖం చూసి ఏదో అడగబోయింది. అంతలో ఎవరో పూలజడ కోసం పిలిచారు.

ధార పోయడం అయింది. అమ్మానాన్నలు పీటల మీద కొత్తవాళ్ల ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుని లేచారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒడిబియ్యానికి నన్ను చాప మీద కూర్చోబెట్టి కొంగు పరిపించారు. బుట్టలో బియ్యం, పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి, రవికెగుడ్డ. ఐదు దోసిళ్లు పోయడం మా ఆచారం. పెద్దమ్మ పట్టుచీర అలవాటు లేక కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని వచ్చి నా ముందు వంగి కూర్చుంది. మొదటి దోసిలి పోసింది. ఆ చేతుల్లో ఆ రోజు కూడా వెల్లుల్లి వాసన ఉంది. ఈరమ్మ ఎత్తుకుంది. ఆకలంటే పాలిచ్చినావు అన్నప్పుడు పెద్దమ్మ తల ఎత్తి అటు చూసింది, ముఖం మెత్తబడింది. రెండో దోసిలి తీసింది. "సాకవ్వా సాకు" అని పాట వచ్చి ఆగింది. పెద్దమ్మ దోసిలి గాలిలో ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది. నేను ఏడుస్తూ, నవ్వుతూ, అవునన్నట్టు తల ఊపాను. పాట మళ్లీ అదే మాట అంది. ఆమె ఆ దోసిలి బియ్యాన్ని నా ఒళ్లో పోయలేదు, మెల్లగా బుట్టలోకే వదిలేసింది. నా కొంగు ముడి వేసి, చెంప మీద చెయ్యి పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది. స్తంభం దగ్గర నిలబడ్డ ఆమె తమ్ముడు ఆమె వెనకే పోయి కన్నడంలో ఏదో అన్నాడు, ఆమె చేత్తో వారించింది. ఏడుపు ఆపుకోలేక పోయిందని ముత్తయిదువలు అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. నా ముడి విప్పించి, మిగిలిన దోసిళ్లు అదే బుట్టలోంచి మా అమ్మ పోసింది. నా మాట ఆమెకు చేరిందని నేను తృప్తిగా బండెక్కాను.

పెళ్లయ్యాక ఆదోని పోయినప్పుడల్లా పెద్దమ్మలో ఒక మార్పు కనిపించేది. అంతకుముందు ఆమె వడ్డనకు అడగడమనేది లేదు. కంచంలో ఖాళీ కనిపిస్తే రొట్టె పడేది, వద్దంటే రెండు పడేవి. ఇప్పుడు రొట్టె చేత్తో పట్టుకుని, "ఇంకొకటి పెట్టేదా, సాలునా?" అని అడిగేది. నూనె రాసేదా, వద్దా? రెండు రోజులు ఉంటావా, పోతావా? ప్రతిదీ అడిగేది. అడిగి, నా జవాబు కోసం నిజంగానే ఆగేది. నేను పరాయింటి మనిషినయ్యాను గదా, ఆడపిల్లకు పెళ్లయితే అంతే కాబోలని సర్దుకున్నాను. కానీ ఆ అడగడం నాకు ముల్లులా గుచ్చుకునేది. ఎందుకు అడుగుతున్నావని అడిగే చనువు నాకూ లేకపోయింది.

తర్వాత నాకు కూతురు పుట్టింది. ఎమ్మిగనూరులో మా పక్క వాటాలోకి బళ్లారి నుంచి సరోజక్క అని ఒకామె వచ్చింది, ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి. ఒకరోజు పొద్దున నేను తొట్లె ఊపుతూ నాకు ఇష్టమైన ఆ సాకవ్వా పాటే పాడుతున్నాను. సరోజక్క సొరకాయ ముక్క ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఏం శాంతమ్మా, అప్పుడే బిడ్డతో సాలమ్మా సాలు అనిపిస్తాండావే?" నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. సాకు అంటే కన్నడంలో చాలు. అవ్వ అంటే అటువైపు అమ్మ. చాలమ్మా, చాలు. ఆ మాట నాకు తెలియనిది కూడా కాదు. పెద్దమ్మ తమ్ముడు భోజనానికి కూర్చుని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి సాకు సాకు అనడం ఎన్నిసార్లు చూశాను! కంచం దగ్గర తెలిసిన మాట పాటలో నాకు తట్టనే లేదు. తొట్లె ఊపడం ఆపేశాను. ఒళ్లో బియ్యం పోస్తున్న మనిషికి, నేను ఏరికోరి తెప్పించిన మేళం చేత, చాలమ్మా చాలు అని పాడించాను. పైగా తల ఊపాను.

నా ముఖం చూసి సరోజక్క కంగారుపడి, అదొక్కటే అర్థం కాదని చెప్పింది. కన్నడంలో కూడా సాకడమంటే పెంచడమేనట. సాకవ్వ అని కలిపి అంటే పెంచిన తల్లి అట. ఓ పెంచిన తల్లీ చాలు అనా, పెంచమ్మా పెంచు అనా, ఈ జన్మలిక చాలని దేవతతో మొరపెట్టుకోవడమా, పాట మొత్తం వింటే గాని చెప్పలేనంది. నాకు ఇంకా గందరగోళమైంది. పెంచిన తల్లీ అని నలుగురిలో పిలిపించడం మాత్రం తక్కువ దెబ్బా? కన్నవాళ్లు పీటల మీద నుంచి లేచి ఒక పూట కాలేదు. ఆమె ఏ మాట విన్నది? నేను పంపినదే విన్నదా, లేక మిగతా వాటిలో ఒకటా? అదే హార్మోనియం, అదే గొంతు, అదే మాట. ఇప్పుడైతే మనవరాలి ఫోనులో పాట నడుస్తుంటే కింద అక్షరాలు కదులుతున్నాయి, అర్థం కావాలంటే అదీ వస్తుందట. మాకు ఆ రోజుల్లో పాట గాలిలో వచ్చేది, గాలిలో పోయేది. ఎవరికి అందినది వాళ్లది. అది మేలో, ఇది మేలో నేను చెప్పలేను. అక్షరాలు ఉండుంటే నేను ఆ పాటను పెట్టించేదాన్నే కాదు. పెట్టించకపోతే ఆమెకు ఏమీ చెప్పకుండానే ఇల్లు దాటేదాన్ని.

ఆ మధ్యాహ్నమే బిడ్డను మా అత్తగారికి అప్పగించి, ఆదోని బస్సెక్కాను. మధ్యలో ఈరమ్మ వాళ్ల కోసం కబురు చేద్దామా అని కూడా ఆలోచించాను. కానీ టీకొట్టు మూతపడిందని, ఆమె కూలికి ఎటో వలసపోయిందని అంతకు ముందే విన్నాను. ఇల్లు చేరేసరికి పెద్దమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని రొట్టె తడుతోంది. జుట్టు సగం తెల్లబడింది. చెప్పకుండా ఎందుకొచ్చావని గాభరాపడింది, బిడ్డకు బాగుందా అంది. బాగుందన్నాను. పెదనాన్న బజారుకు పోయాడట. కంచం పెట్టింది, రొట్టె, గురుగాకు పప్పు వేసింది. నేను ముద్ద తుంచి పట్టుకుని, తినకుండా అడిగేశాను.

"పెద్దమ్మా, నా పెండ్లిలో హాలహర్వి వాళ్లు పాడిన పాట నీకు ఏమని ఇనిపించింది?"

ఆమె తడుతున్న రొట్టెను ఆపలేదు. తర్వాత రొట్టెను పెనం మీద వేసి, నీళ్ల గుడ్డతో తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నువ్వు ఏమని పాడిచ్చినావో అదే ఇన్యాలే."

నేను ఏమని పాడించానో నేనింకా చెప్పలేదు. అట్లయితే ఎందుకు దోసిలి ఆపినావని అడిగాను. బియ్యం అయిపోయినాయంది. అదే బుట్టలోంచి మా అమ్మ నిండా నాలుగు దోసిళ్లు పోయడం నా కళ్లతో చూశాను. పెదనాన్న బళ్లో చెప్పిన తెలుగులో దీన్ని కూడా సాకు అనే అంటారు. నాకు నవ్వో ఏడుపో వచ్చింది. లేదు పెద్దమ్మా, నేను ఆ పాట ఎందుకు పెట్టించానంటే అని మొదలుపెట్టాను. అమ్మా అని పిలిచి చెబుదామనుకుని బస్సులో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే పెద్దమ్మా అనే వచ్చింది. ఆమె నన్ను పూర్తిచేయనివ్వలేదు.

"రొట్టె సల్లారిపోతాది. తిను" అంది.

తిన్నాను. కంచంలో ఇంకో రొట్టె పడింది. ఆమె అడగలేదు. అది తినేలోగా ఇంకొకటి పడింది. పప్పు పడింది, వెన్న పడింది, నేను తల ఎత్తి చూస్తే ఆమె పొయ్యి వైపు తిరిగి మంట ఎగదోస్తోంది, పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. నా కడుపు నిండి గొంతు దాకా వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టలేదు, ఆ ఒక్క మాట అనలేదు. ఆమె పెట్టినంతసేపూ తింటూనే ఉన్నాను. చివరికి పిండి అయిపోయి ఆమే లేచి చేతులు కడుక్కుంది. నేను బస్సుకు బయలుదేరితే వీధి మలుపు దాకా వచ్చింది గాని మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు. ఆదివారం రమ్మని, బిడ్డను తెమ్మని చెప్పింది. తిరుగు బస్సులో నేను పొట్ట పట్టుకుని కిటికీకి తల ఆనించి ఏడుస్తుంటే, కండక్టరు టిక్కెట్టు కొట్టడం ఆపి, ఏమక్కా, కడుపులో నొప్పా అని అడిగాడు. అవునన్నాను. అదీ నిజమే.